త్రిత్వ రక్షణ కమిటీ అధ్యక్షుడి మనవి

మీ చర్చిలో త్రిత్వ రక్షణ కమిటీ ఉందా? లేదా? అయ్యో! మరి ఇన్నాళ్లూ ఎలా నెట్టుకొస్తున్నారండీ?

ఉన్నపళంగా ఒకటి పెట్టుకోండి. మా చర్చిలో పెట్టి రెండేళ్లయింది. ఈ రెండేళ్లలో మాకు దొరికిన ప్రశాంతత అంతా ఇంతా కాదు. ఆ కమిటీకి అధ్యక్షుణ్ణి కాబట్టి చెబుతున్నానని అనుకోకండి. లోపల కూర్చుని చూసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

విషయం తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మేం నమ్మే దేవుడు ఒక్కడే. ఆ ఒక్క దేవుడిలో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని ముగ్గురు. తండ్రి కుమారుడు కాడు. కుమారుడు ఆత్మ కాడు. అలాగని ముగ్గురు దేవుళ్లు లేరు, ఒక్కడే. దీన్నే త్రిత్వం అంటారు. ఇంతవరకూ చెప్పి ఆగిపోతే ఏ గొడవా లేదు. "అంటే ఎలాగంటే..." అని నోరు తెరిచారో, అయిపోయారు! ఆ 'ఎలాగంటే' దగ్గరే మా కమిటీ కాపు కాస్తుంది.

కమిటీ రాకముందు మా చర్చి ఎలా ఉండేదో తెలుసా? ఆదివారం వచ్చిందంటే ఒకటే గోల. మోకాలి నొప్పి తగ్గినవాళ్లు, పోయిన గొడుగు దొరికినవాళ్లు, ఉద్యోగం ఊడబోయి నిలిచినవాళ్లు, అందరూ లేచి సాక్ష్యం చెప్పేవాళ్లే. శుక్రవారం ప్రార్థనలో ఒకరు ఆపకముందే ఇంకొకరు అందుకునేవాళ్లు. పాస్టరు గారి ప్రసంగం గంటన్నర.

ఇప్పుడో? ప్రసంగం పదకొండు నిమిషాలు. అదీ కాగితం చూసి. ఆ కాగితం మీద మా కమిటీ ముద్ర! సాక్ష్యాలు ఆగిపోయాయి. ప్రార్థన చేయమంటే అందరూ చెప్పుల వంక చూస్తారు. గోడ గడియారం చప్పుడు చివరి బెంచీ దాకా వినిపిస్తుంది. ఇంత భక్తి మీరెక్కడైనా చూశారా?

ఈ ఘనతంతా మా సెక్రటరీ గారిది. ఆయనకు కళ్లజోళ్ల షాపు ఉంది. గోడకు తగిలించిన చార్టులో అట్టడుగు వరసను వీధి గుమ్మం నుంచి చదవగలరు. చర్చిలో కుర్రకారు ఆయనను భూతద్దం అంటారు. నేను అనను. నేను ఏదీ అనను.

ఆయన దగ్గర ఒక లావుపాటి పుస్తకం ఉంది. దేవుడి గురించి తప్పుగా చెప్పినవాళ్లందరి చిట్టా అందులో ఉంటుంది. ఏ తప్పు ఎవరు చేశారు, ఎప్పుడు పట్టుబడ్డారు, దాని పేరేమిటి, అన్నీ! ఆ పేర్లు పలకడానికి నా నాలుక తిరగదు. ఆయనకు కంఠతా వచ్చు. నిజం చెప్పాలి, ఆయన మనసులో మోసం లేదు. దేవుడి గురించి ఎవరైనా ఒక మాట తప్పుగా అంటే, కన్నతల్లిని తిట్టినట్టు ఆయన మొహం వాడిపోతుంది.

మా నిబంధనలు నాలుగే. చర్చి సభ్యులు చేసే ప్రతి ప్రసంగం, ప్రతి ప్రార్థన ఫోనులో రికార్డు చేయాలి. శనివారం కమిటీ కూర్చుని వినాలి. తప్పు దొరికితే నోటీసు ఇచ్చి వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. నోటీసు అందుకున్నవాళ్లు తమ తప్పేమిటో ఒక పేజీ రాసి, అధ్యక్షుడి చేత సంతకం పెట్టించుకునేదాకా చర్చిలో గానీ బయట గానీ పైకి వినపడేలా ప్రార్థన చేయకూడదు. తప్పు ప్రార్థనకు ఆమెన్ అన్నవాళ్లకూ అదే శిక్ష. ఇది నాలుగో నిబంధనలోనే ఇరికించాం. ఐదు అయితే ఎక్కువైపోతాయని.

ఎంతమందిని కాపాడామో చూడండి!

బస్సు డ్రైవరు ఒకాయన సండే స్కూలు పిల్లలకు చెబుతూ, "అంటే ఎలాగంటే, నేనూ కండక్టరూ క్లీనరూ ముగ్గురం. బస్సు మాత్రం ఒక్కటే" అన్నాడు. అంతే! ముగ్గురు దేవుళ్లను చేసేశాడని నోటీసు. పైగా క్లీనరు ఎవరని ఇంకో ప్రశ్న.

ప్లంబరు, "ఒకే ట్యాంకు, మూడు కుళాయిలు" అన్నాడు. ట్యాంకులో నీళ్లు అయిపోతే ఏం చేస్తావని సెక్రటరీ గారు అడిగారు. మోటారు వేస్తానన్నాడు. రెండు నోటీసులు.

బట్టలు కుట్టే ఆవిడ, "మూడు పేటలు కలిపితేనే కదండీ ఒక దారం" అంది. దేవుణ్ణి ముక్కలు చేసిందని నోటీసు. దారం సంగతి నాకూ తెలుసు. మాట బాగుందనిపించింది కూడా. పైకి అనలేదు.

నాలుగేళ్ల పాప ఒకతి బొమ్మ గీసింది. తండ్రిని పెద్దగా, కొడుకుని చిన్నగా. కొడుకుని తక్కువ చేయడం ఎంత పాత తప్పో ఆ పాపకు తెలియదు పాపం! నోటీసు ఇచ్చాం. పాపకు చదవడం రాదు కాబట్టి వాళ్లమ్మ చదివి వినిపించింది. అంతా విని, "కమిటీ కరుస్తుందా అమ్మా?" అని అడిగిందట.

ఇక పాస్టరు గారు. ఇంట్లో తండ్రినీ, తల్లికి కొడుకునీ, చర్చికి కాపరినీ నేనొక్కణ్ణే కదా అన్నారు. ఒకే మనిషి మూడు వేషాలు వేసినట్టు చెప్పారని ఆయన ప్రసంగానికి ముద్ర తప్పనిసరి చేశాం. ఆ రోజు నుంచే పదకొండు నిమిషాలు.

నాకంటే ముందు అధ్యక్షుడిగా ఉన్నది కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన పెద్దమనిషి. గొప్ప చదువరి. ఒక శనివారం కమిటీ గదిలోకి వస్తూ గడపకు కాలి బొటనవేలు కొట్టుకుని, "ఓరి దేవుడా!" అన్నాడు.

"ముగ్గురిలో ఎవరినండీ?" అన్నారు సెక్రటరీ గారు, చాలా మర్యాదగా.

"ఎవరైతేనేమయ్యా, ఒకటే కదా! ముందు మంచినీళ్లివ్వండి!"

ఎవరైతేనేం అట! ముగ్గురి మధ్య తేడా లేదని అధ్యక్షుడే అంటే ఇంకేముంది? మంచినీళ్లు, నోటీసు ఒకేసారి ఇచ్చాం.

అప్పుడు కొత్త అధ్యక్షుడి కోసం వెతుకులాట మొదలైంది. రికార్డులన్నీ తిరగేశారు. చర్చి మొత్తం మీద ఒక్క తప్పూ లేని ఫైలు ఒక్కటే దొరికింది. నాది. తెరిచి చూస్తే ఖాళీ.

"చూశారా, ఎంత స్వచ్ఛమైన విశ్వాసమో!" అన్నారు సెక్రటరీ గారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

అసలు సంగతి చెప్పనా? నేను పరుపులు కుడతాను. దూది దులిపేటప్పుడు నోరు తెరిస్తే దూది నోట్లోకి పోతుంది. అందుకని మూతికి గుడ్డ కట్టుకుంటాం. నలభై ఏళ్లు అలా కట్టుకుంటే గుడ్డ విప్పాక కూడా నోరు తెరుచుకోదు. నాకు మూడో తరగతితో చదువు ఆగిపోయింది. కూడబలుక్కుని చదువుతాను. సంతకం మాత్రం బాగా చేస్తాను. అధ్యక్షుడికి కావలసింది అదే అన్నారు.

ఇంతవరకూ అంతా లాభమే కదా! ఇప్పుడు మా ఇంటికి జరిగిన లాభం కూడా చెబుతాను.

నాకొక చెల్లెలు ఉంది. పెద్దాస్పత్రిలో ఆయా. దుప్పట్లు మార్చడం, నేల తుడవడం, ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లను స్ట్రెచర్ మీద తోసుకెళ్లడం దాని పని. అది నాలాంటిది కాదు. వాగుడుకాయ. దేవుడితో మరీను. ఒక చేత్తో బకెట్టు పట్టుకుని, రెండో చెయ్యి రోగి నుదుటి మీద వేసి గట్టిగా ప్రార్థన చేసేస్తుంది. ఆపరేషన్ అనగానే అది పనిచేసే వార్డులో, మా చర్చివాళ్లైనా కాకపోయినా, "ఆ ఆయమ్మ ఎక్కడ?" అని అడిగేవాళ్లట. దానికి భర్త లేడు, పిల్లలు లేరు. చదువు అసలే లేదు. నాది ఇది అని చెప్పుకోవడానికి దానికున్నది ఆ ప్రార్థన ఒక్కటే.

ఒక శుక్రవారం చర్చిలో అది ఇలా ప్రార్థించింది: "తండ్రీ, మా కోసం సిలువెక్కి మేకులు కొట్టించుకున్నావు. నొప్పంటే ఏంటో నీకు చెప్పాలా?"

ముందు బెంచీలో ఫోను ఎర్రగా వెలుగుతోంది.

శనివారం పిలిపించాం. కమిటీ గది అంటే చర్చి వెనక పాత మైకు పెట్టెలు, కాలు విరిగిన బెంచీలు పెట్టే కొట్టు. అక్కడ మేం ఐదుగురం ఒక వైపు, అది ఒక్కతే ఇంకో వైపు. యూనిఫాం మార్చుకోకుండా డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది.

"సిలువ మీద ఉన్నదెవరమ్మా?" సెక్రటరీ గారు మొదలుపెట్టారు.

"యేసయ్యే కదండీ."

"మరి తండ్రిని ఎందుకు ఎక్కించావు?"

"నేనెక్కడ ఎక్కించానండీ! నాకంత బలం ఏదీ?"

మా కమిటీలోని లెక్కల మాస్టారు నవ్వు ఆపుకోలేక దగ్గారు. సెక్రటరీ గారు నవ్వలేదు.

"ఇది చాలా పాత దుర్బోధ. బాధపడింది కుమారుడు. తండ్రి కాదు. ఆ టైములో తండ్రి ఎక్కడున్నాడో నువ్వే చెప్పు."

"మా ఆస్పత్రి పిల్లల వార్డులో చూస్తుంటానండీ. పిల్లాడికి సూది గుచ్చుతారు. 'అబ్బా' అని అరిచేది తండ్రి. సూది పిల్లాడికే, నేను కాదనను. మరి ఆయనెందుకు అరుస్తున్నట్టు?"

"అది మనుషుల సంగతి!"

"నేను చూసింది మనుషుల్నేనండీ."

సెక్రటరీ గారు పుస్తకం తెరిచి పేజీ చూపించారు. ఆయన చెప్పిందే సరి. సిలువ మీద మరణించింది కుమారుడే. నేనూ అదే నమ్ముతాను. తప్పు తప్పే, చెల్లెలిదైతే ఒప్పైపోదు. ఒక పేజీ రాసి ఇచ్చేదాకా నోరు విప్పి ప్రార్థన చేయకూడదని నోటీసు రాశారు.

"రాయడం నాకు రాదు కదా అన్నయ్యా" అంది నా వైపు తిరిగి.

నేను కాగితం వైపు చూశాను.

"నువ్వేమంటావు? ఒక్క మాట చెప్పు. నువ్వూ వద్దంటే మానేస్తాను."

గదిలో అందరూ నా కోసం ఆగారు. నా నోరు సంగతి తెలిసిందే. సంతకం చేశాను. మినిట్స్ పుస్తకంలో, 'అధ్యక్షులు ఏకీభవించారు' అని రాసుకున్నారు.

దానివల్ల కలిగిన లాభం వినండి! రోజూ సాయంత్రం అది మా కొట్టుకొచ్చి, దూది బస్తా మీద కూర్చుని, గంటసేపు వార్డు కబుర్లు చెప్పేది. ఏ మంచం మీద ఎవరున్నారు, ఎవరికి నయమైంది, ఎవరు పోయారు. వెళ్లేముందు నా తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేసేది. నోటీసు తర్వాత కూడా వచ్చేది. బస్తా మీద కూర్చునేది. "తిన్నావా?" అని అడిగేది. వెళ్లిపోయేది. చెయ్యి వేసేది కాదు.

మాటలంటే పడనివాడికి ఇంతకంటే ఏం కావాలి? మూడు నెలలు స్వర్గంలా గడిచింది. దూది దులుపుతుంటే దూది చప్పుడు మాత్రమే వినపడేది.

ఆ మూడు నెలలు తిరిగేసరికి సెక్రటరీ గారి భార్యకు కడుపులో గడ్డ అన్నారు. ఆపరేషన్ చేయాలన్నారు. మధ్యాహ్నం మూడింటికి. మా కమిటీ మొత్తం ఆస్పత్రికి వెళ్లాం. మా చెల్లెలి వార్డే.

నర్సు వచ్చి, "పది నిమిషాల్లో తీసుకెళ్తాం. ప్రార్థన చేసుకుంటే చేసుకోండి" అని వెళ్లిపోయింది.

మేం ఐదుగురం మంచం చుట్టూ నిలబడ్డాం.

"మీరు చేయండి మాస్టారూ."

"అబ్బే, మీరుండగా నేనా!"

"మీ గొంతు బాగుంటుంది."

"పొద్దుట్నుంచీ జలుబండీ."

ఐదు జేబుల్లో ఐదు ఫోన్లు. నిబంధన ప్రకారం ఐదూ రికార్డు అవుతున్నాయి. ఎవరు నోరు తెరిచినా శనివారం దొరికిపోతారు. నిమిషాలు పోతున్నాయి. చివరికి సెక్రటరీ గారే పుస్తకం తెరిచారు. కమిటీ ఆమోదించిన త్రిత్వ నిర్వచనాన్ని మొదటి పేరా నుంచి చదవడం మొదలుపెట్టారు. అందులో ఒక్క అక్షరం తప్పు లేదు.

రెండో పేరా మధ్యలో ఆవిడ, "ఏవండీ" అంది. "నాకు భయంగా ఉంది. మీరు చదివేది నా కోసమా, వాళ్ల కోసమా?"

ఆయన ఆగిపోయారు. కళ్లజోడు తీశారు. తుడిచారు. మళ్లీ పెట్టుకోలేదు.

అప్పుడే మా చెల్లెలు స్ట్రెచర్ తోసుకుంటూ వచ్చింది. ఆవిడ దాని చెయ్యి పట్టుకుంది. "అక్కా, నువ్వు చెయ్యి."

"నాకు నోటీసుందమ్మా" అంది మా చెల్లెలు. ఎవరినీ తప్పుపట్టినట్టు కాదు, చేతికి దెబ్బ తగిలిందని చెప్పినట్టు. "సంతకం ఆయనది." నన్ను చూపించింది.

అందరూ నా వైపు చూశారు. సెక్రటరీ గారు కూడా. ఆ చూపులో పుస్తకం లేదు. మనిషి ఒక్కడే ఉన్నాడు.

"చెయ్యమ్మా" అన్నాను.

అది స్ట్రెచర్ పక్కకు నెట్టి, చెయ్యి చీరకు తుడుచుకుని, ఆవిడ నుదుటి మీద వేసింది.

"తండ్రీ, మా యేసయ్యా, మేకులు కొట్టించుకున్నవాడివి, కోత నొప్పి నీకు తెలీనిదా! ఈ పిల్ల లోపలికి వెళ్తోంది. మేం తలుపు దగ్గర ఆగిపోతాం. నువ్వు ఆగకు. నువ్వూ, నీ కొడుకూ, నీ ఆత్మా, ముగ్గురూ లోపలికి వెళ్లండి. ఒక్కరికే పర్మిషన్ అని నర్సమ్మ అంటుంది. ఏం పర్లేదు. మీరు ఒక్కరేగా!"

అధ్యక్షుణ్ణి కాబట్టి లెక్కపెట్టాను. ముందు మాటల్లో మూడు తప్పులు. చివరి మాటలో ఒక్కటి కూడా లేదు.

అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది సెక్రటరీ గారు. ఐదు ఫోన్లలోనూ రికార్డయింది.

ఆవిడకు గడ్డ తీసేశారు. ప్రమాదం లేదన్నారు. వారం తిరిగేసరికి లేచి తిరుగుతోంది. ఆ శనివారం కమిటీ కూర్చుంది. సెక్రటరీ గారు ఒక తీర్మానం రాసుకొచ్చారు. చదివారు.

"ఆస్పత్రుల ఆవరణలో, ఆపరేషన్‌కు అరగంట ముందు, కమిటీ సభ్యుల కుటుంబాల కోసం చేసే ప్రార్థనలకు నిషేధం వర్తించదు. మిగతా చోట్ల యథాతథం. అధ్యక్షులు ఏకీభవించారు."

"నేనింకా ఏమీ అనలేదు" అన్నాను.

లెక్కల మాస్టారి చేతిలో పెన్ను కింద పడింది.

"మా చెల్లెలి నోటీసు ఇటివ్వండి."

ఇచ్చారు. దానిమీద ఉన్న నా సంతకాన్ని అడ్డంగా కొట్టేశాను.

"కారణం రాయాలి కదండీ" అన్నారు సెక్రటరీ గారు, నెమ్మదిగా.

"రాయండి. అది ప్రార్థనలో తప్పు మాట అంది. దానికి నోటీసిచ్చారు. అది నన్ను ఒక్క మాట అడిగితే నేను చెప్పలేదు. నాకూ నోటీసివ్వండి."

"మీరేం అన్నారని ఇవ్వమంటారు పెద్దాయనా? మీరు ఏమీ అనలేదు కదా!"

"అదే."

ఆయన నిజాయితీపరుడని ముందే చెప్పాను. పుస్తకం తెరిచారు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అరగంటసేపు వెతికారు. మధ్యమధ్యలో ఏదో దొరికినట్టు ఆగేవారు. మళ్లీ తిప్పేవారు. చివరికి మూసేశారు.

"లేదండీ. ఇందులో మాట్లాడినవాళ్ల తప్పులే ఉన్నాయి."

తర్వాత శుక్రవారం మా చెల్లెలు చర్చిలో లేచి నిలబడింది. ఈసారి జాగ్రత్తగా మొదలుపెట్టింది. "తండ్రీ, నీ కొడుకుని మా కోసం పంపావు" అంది. సెక్రటరీ గారి మొహం వెలిగిపోయింది. రెండో వాక్యానికి అన్నీ కలగాపులగం చేసేసింది. ఆయన చెయ్యి జేబు వైపు పోయింది. పక్కనే ఉన్న భార్య అరచెయ్యి చాపింది. ఆయన ఫోను తీసి అందులో పెట్టారు. మా చెల్లెలు ముగించాక ప్లంబరు లేచాడు. తర్వాత బట్టలు కుట్టే ఆవిడ. ఆ రోజు ఇంటికెళ్లేసరికి పొద్దుపోయింది. మళ్లీ అదే గోల! మీరే చెప్పండి, పాత రోజులు వచ్చేస్తే ఎంత నష్టం?

అందుకే ఈ మనవి. నేను దిగిపోతున్నాను, మా కమిటీ అధ్యక్ష పదవి ఖాళీ అవుతోంది. దయచేసి ఎవరైనా ముందుకు రండి. చదువు అక్కర్లేదు. మాట అసలే అక్కర్లేదు. సంతకం చేయడం వస్తే చాలు.

చెల్లెళ్లున్నవాళ్లు మాత్రం దరఖాస్తు పెట్టకండి.